మిథ్యాద్వారం, ధర్మకాటా

విశాఖపట్టణంలో ‘పోర్టు’ అన్న శబ్దం వినగానే ఎవరి మనస్సులోనైనా స్ఫురించేది డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న నౌకాశ్రయమే. 1933లో ఆ రేవు నౌకలకు ద్వారం తెరిచిన నాటి నుండి ఈ నగర జీవనం ఆ శబ్దం చుట్టూనే అల్లుకొని ఉన్నది. ఇక్కడ విచారణకు వచ్చే పోర్టు మాత్రం అది కాదు. పాత కంప్యూటర్ల వెనుక భాగాన, తొమ్మిది సన్నని సూదులతో, రెండు వ్రేళ్ళ వెడల్పున ఒక ద్వారం ఉండేది. దాని పేరు సీరియల్ పోర్టు. క్రమద్వారం అని చెప్పుకోవచ్చు. ఎందుకంటే దాని గుండా సమాచారం ఒకదాని వెనుక ఒకటిగా, పంక్తి తప్పకుండా నడుస్తుంది. ఆ ద్వారం లేకున్నా ఉన్నట్లు, దానికి ఆవల పరికరమేదీ లేకున్నా ఉన్నట్లు ప్రోగ్రాములకు ప్రతీతి కలిగించే డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంటాయి. అద్వైత గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి ఈ మాట చదవగానే ‘మిథ్య’ అనే పదం గుర్తుకు రాకపోదు. ఆ పోలిక ఎంతవరకు సమంజసం, ఎక్కడ ప్రమాదకరం అన్నది గాజువాకలో నివసించే ఒక సాధకునికి గ్రంథంలో గాక వృత్తిలో ఎదురైన ప్రశ్న.

ఆయన వృత్తి లౌకిక దృష్టిలో అతి సామాన్యమైనది. నౌకాశ్రయం నుండి షీలానగర్, గాజువాక మీదుగా కూర్మన్నపాలెం వైపు సాగే మార్గంలో లారీ యార్డులు అనేకం. రేవులో దిగిన బొగ్గు, ఉక్కు కర్మాగారం నుండి వెలువడిన కడ్డీలు, తీగ చుట్టలు, ఇవి మోసే ప్రతి లారీ ఎక్కడో ఒకచోట తూకపు వేదిక ఎక్కక తప్పదు. కాగితాల మీద దాని పేరు వేబ్రిడ్జి, వాడుకలో కాటా. కొన్నిచోట్ల ఫలకం మీద ‘ధర్మకాటా’ అని వ్రాసి ఉంటుంది. తూనికకు ధర్మశబ్దాన్ని జోడించిన ఆ అజ్ఞాత లోకజ్ఞుడెవరో గాని, శాస్త్రం చదవకుండానే శాస్త్రసారం పట్టుకున్నాడు. ఈ యార్డులలోని కంప్యూటర్లను, తూకపు చీటీలు ముద్రించే ప్రోగ్రాములను సరిచేసి పెట్టడం ఆ సాధకుని జీవనాధారం. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆదివారం ఉదయం పదిమందితో కలిసి ఒక గృహస్థు ఇంట మాండూక్యకారికల పాఠం వినడం ఆయన నియమం. వారంలో ఆరు రోజులు తూకాలు, ఏడవ రోజు వైతథ్య ప్రకరణం.

కాటా పనిచేసే తీరు తెలిస్తే గాని విషయం బోధపడదు. వేదిక క్రింద లోడ్ సెల్ అనే ఉక్కు దిమ్మెలు ఉంటాయి. లారీ ఎక్కగానే ఆ ఉక్కు కంటికి కనబడనంత స్వల్పంగా నలుగుతుంది. దానికి అతికించిన పలుచని లోహపు రేకు కూడా ఆ మేరకు రూపం మారి, దాని విద్యుత్ నిరోధంలో లేశమాత్రపు భేదం కలుగుతుంది. ఆ భేదం కొన్ని మిల్లీవోల్టులుగా వ్యక్తమవుతుంది. ఇండికేటర్ అనే పెట్టె ఆ మిల్లీవోల్టులను అంకెలుగా మార్చి, ఎర్రని వెలుగులో చూపి, అదే సంఖ్యను ఒక్కొక్క అక్షరంగా తీగ మీద కంప్యూటరుకు పంపుతుంది. అక్కడ ప్రోగ్రాము ఆ అక్షరాలను అందుకొని చీటీ ముద్రిస్తుంది. ఇందులో బరువు ఎక్కడ ఉన్నది? లారీలో ఉన్నదందామంటే ప్రోగ్రాము లారీని ఎరుగదు. ఉక్కు దిమ్మె ఎరిగినది తన సంకోచాన్ని. రేకు ఎరిగినది తన నిరోధాన్ని. ఇండికేటర్ ఎరిగినది మిల్లీవోల్టులను. ప్రోగ్రాముకు దక్కినది ఒక ద్వారనామం, ఆ ద్వారం పలికిన కొన్ని అక్షరాలు, అంతే. అయినా చీటీ మీద 38,460 కిలోలు అని పడగానే లోకమంతా అది లారీ బరువే అని స్వీకరిస్తుంది. వ్యవహారం నిర్విఘ్నంగా సాగుతుంది కూడా.

ఈ తీగ మీది భాషకు ఒక ప్రమాణం ఉన్నది. 1960లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఆర్ఎస్-232 పేరిట దానిని నిర్ణయించింది. 1969లో వచ్చిన ‘సి’ సంస్కరణ బహుళ ప్రచారం పొందింది. ఆ నియమం ప్రకారం గ్రహించే చివరన ఋణ దిశలో మూడు వోల్టులు దాటితే ‘ఒకటి’, ధన దిశలో మూడు వోల్టులు దాటితే ‘సున్న’. నడుమ ఉన్న ఆరు వోల్టుల ప్రదేశానికి అర్థమే చెప్పలేదు. అది ఒకటీ కాదు, సున్నా కాదు. ఆదివారపు పాఠంలో ఎవరో దీనిని విని ‘సదసద్విలక్షణం’ అని చమత్కరించారట. చమత్కారంగా బాగున్నది గాని, దానిని సిద్ధాంతంగా తీసుకోరాదు. తీగలోని సంధిప్రదేశానికి కారణం విద్యుత్ శబ్దం నుండి రక్షణ. అనిర్వచనీయఖ్యాతికి కారణం వేరు.

ఒక వర్షాకాలంలో ఒక యార్డులోని పాత కంప్యూటరు పూర్తిగా చెడిపోయింది. క్రొత్తదానికి తొమ్మిది సూదుల ద్వారం లేదు. యూఎస్‌బీకి తగిలించే మార్పిడి తీగ తెచ్చి పెట్టగా, ఆపరేటింగ్ సిస్టమ్ దానికి కామ్7 అని నామకరణం చేసింది. తూకపు ప్రోగ్రాము మాత్రం ఏనాటిదో. దానిని వ్రాసినవారు ఎక్కడున్నారో తెలియదు. అది కామ్1ను తప్ప మరొక ద్వారాన్ని గుర్తించదు. ఆవలి యంత్రం సజీవంగా ఉన్నది, ఈవలి ప్రోగ్రాము సజీవంగా ఉన్నది. నామం కలియక లారీలు బారులు తీరాయి. అప్పుడు సాధకుడు ఆశ్రయించిన ఉపాయమే కల్పిత ద్వారం. విండోస్‌లో కామ్0కామ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇటువంటి ద్వారాలను జంటగా సృష్టిస్తుంది. ఒక చివర ప్రవేశించిన అక్షరం రెండవ చివర వెలువడుతుంది. నడుమ తీగ లేదు. ఒక చివరకు కామ్1 అని పేరు పెట్టి పాత ప్రోగ్రాముకు అప్పగించాడు. రెండవ చివరను తాను వ్రాసిన చిన్న ప్రోగ్రాము పట్టుకొని, నిజమైన ఇండికేటర్ పలుకులను కామ్7 నుండి అందులోకి చేరవేస్తుంది. సాయంకాలానికి కాటా నడిచింది.

ఇక్కడ డ్రైవర్ చేసే పని కొంత నిదానంగా చూడదగినది. ఏ ప్రోగ్రామూ యంత్రాన్ని స్వయంగా తాకదు. ‘కామ్1 తెరువుము’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అర్థిస్తుంది. ఆ అర్థన సంబంధిత డ్రైవర్‌కు చేరుతుంది. నిజమైన ద్వారమైతే డ్రైవర్ యూఆర్ట్ అనే చిప్‌తో మాట్లాడుతుంది. వెనుకటి వ్యక్తిగత కంప్యూటర్లలో కామ్1కు చిరునామా, అంతరాయ సంఖ్య కూడా స్థిరంగా ఉండేవి. కల్పిత ద్వారంలో ఆ చిప్ లేదు. అయినా ప్రశ్నలన్నిటికీ సమాధానం రావలసిందే. ‘వేగం 9600కు నిర్ణయించుము’ అంటే ‘నిర్ణయించితిని’ అనాలి. ‘ఆవలి పరికరం సిద్ధమా?’ అంటే సిద్ధ సంకేతం చూపాలి. ‘వచ్చిన అక్షరాలు ఎన్ని?’ అంటే స్మృతిలో దాచిన వరుస నుండి లెక్క చెప్పాలి. ఒక్క ప్రశ్నకు అసంబద్ధమైన ఉత్తరం వచ్చినా పాత ప్రోగ్రాము భీష్మించుకొని కూర్చుంటుంది. వేగం సంగతి మరీ విచిత్రం. 9600 వేగంతో నిజమైన తీగ మీద సెకనుకు 960 అక్షరాలకు మించి నడవవు, ఒక్కొక్క అక్షరానికి ఆద్యంత చిహ్నాలతో కలిపి పది బిట్లు కావాలి గనుక. కల్పిత ద్వారంలో ఆ నిర్బంధం లేదు. అక్షరాలు స్మృతిలో ఒక చోటి నుండి మరొక చోటికి తృటిలో చేరుతాయి. కొన్ని పాత ప్రోగ్రాములు ఆ త్వరను తట్టుకోలేవు. అందుచేత మందగమనాన్ని కూడా నటించే ఏర్పాటు కామ్0కామ్‌లో విడిగా ఉన్నది. బంధం లేనివాడు బంధాన్ని అభినయించడం లీలాప్రకరణాలు చదివినవారికి క్రొత్త కాదు.

యునిక్స్ సంప్రదాయంలో ఈ విద్య మరింత ప్రాచీనం. అక్కడ టెర్మినల్ ద్వారాలకు ‘టీటీవై’ అని పేరు. అది టెలిటైప్ యంత్రపు పేరు నుండి వచ్చిన సంక్షేపం. గడగడ శబ్దంతో కాగితం మీద అచ్చు కొట్టే ఆ యంత్రాలు ఏనాడో అంతరించాయి. నేటికీ లినక్స్‌లో ఒక టెర్మినల్ గవాక్షం తెరిస్తే, వెనుక ఆ యంత్రాన్ని అనుకరించే జంట ద్వారమే పనిచేస్తుంది. దానికి వేగం నిర్ణయిస్తే వినయంగా అంగీకరిస్తుంది, ఆ అంగీకారం వల్ల మారేది ఏమీ లేకున్నా. దేహం పోయినా వాసన పోలేదు. పూర్వజన్మ సంస్కారానికి ఇంతకంటె లౌకికమైన దృష్టాంతం దొరకడం కష్టం.

యార్డుకు వెళ్ళక ముందు రాత్రి సాధకుడు తన ఇంటిలోనే పరీక్ష చేసుకున్నాడు. నిజమైన ఇండికేటర్ అక్కడ లేదు గనుక, దాని వలెనే పలికే మరొక ప్రోగ్రామును వ్రాశాడు. ఆరంభ చిహ్నం, ధన చిహ్నం, అంకెలు, అంత్య చిహ్నం, అదే క్రమంలో సెకనుకు పలుమార్లు పంపించాడు. ముందు 12,740, తరువాత 38,460. ఖాళీ లారీ, నిండు లారీ. పాత ప్రోగ్రాము ఏ సందేహమూ లేకుండా నికర తూకం 25,720 కిలోలు అని చీటీ ముద్రించింది. అర్ధరాత్రి రెండవ అంతస్తు ఇంటిలో, వంటగది ప్రక్కన, ఇరవై అయిదు టన్నుల బొగ్గు తూగింది. ఆ చీటీని చూచి ఆయనకు మొదట నవ్వు వచ్చిందట. తరువాత కొంతసేపు దానిని చేతిలోనే పట్టుకొని ఉండిపోయాడు. యార్డులోని చీటీకీ దీనికీ ఒక్క అక్షరంలో కూడా భేదం లేదు.

ఆ సమయానికి ఆదివారపు పాఠం వైతథ్య ప్రకరణంలోనే నడుస్తున్నది. జాగ్రత్పదార్థాలకూ స్వప్నపదార్థాలకూ మిథ్యాత్వం సమానమని గౌడపాదాచార్యులు ప్రతిపాదించినప్పుడు పూర్వపక్షి ఒక ఆక్షేపం తెస్తాడు: జాగ్రత్తులోని అన్నపానాలకు ప్రయోజనం ఉన్నది, ఆకలి తీరుతుంది, దాహం శమిస్తుంది, స్వప్నపదార్థాలు అట్టివి కావు గదా. దానికి సమాధానం, ఆ ప్రయోజనం సైతం స్వప్నంలో బాధితమవుతుందని. కడుపునిండా భుజించి పరుండినవాడు స్వప్నంలో క్షుత్పిపాసలతో తపించడం భాష్యంలోని ప్రసిద్ధ వివరణ. జాగ్రదన్నం స్వప్నక్షుత్తును తీర్చదు. స్వప్నాన్నం స్వప్నంలో తీర్చినట్లే ఉంటుంది. ప్రయోజనం అనేది ఆయా అవస్థకు కట్టుబడినదే గాని సత్యత్వానికి ముద్ర కాదు. పాఠం చెప్పేవారు ఈ మాట అన్నప్పుడు సాధకుని మనస్సులో మెదిలినది ఇంటిలో ముద్రించిన ఆ చీటీయే. పరీక్షలో అది నిక్కంగా ప్రయోజనకారి. దాని వల్లనే దోషాలు తెలిశాయి, మరునాడు లారీలు కదిలాయి.

అక్కడి నుండి మరొక ప్రశ్న పుట్టింది. అసత్యం నుండి సత్యం ఎలా కలిగింది? లేని లారీ తూకం వేసి ఉన్న కాటాను బాగుచేయడం ఎట్లా సాధ్యం? దీనికి సమాధానం కారికలలో గాక బ్రహ్మసూత్రభాష్యంలోని ఆరంభణాధికరణంలో ఉన్నది. మిథ్యయైన వేదాంతవాక్యం నుండి సత్యమైన బ్రహ్మజ్ఞానం ఎట్లా కలుగుతుందని ప్రతివాది అడిగినప్పుడు శంకరభగవత్పాదులు లోకానుభవాలనే చూపుతారు. పాము కరచిందన్న శంకతోనే మరణించేవారు ఉన్నారు. స్వప్నంలో కనబడినది శుభాశుభాలను సూచించడం లోకప్రసిద్ధం. అన్నిటికంటె సూక్ష్మమైనది లిపి దృష్టాంతం: పత్రం మీద ఉన్నవి గీతలు మాత్రమే, గీత అక్షరం కాదు, అయినా ఆ కల్పితాక్షరాల నుండి నిజమైన వర్ణాల జ్ఞానం కలుగుతుంది. సాధకుడు ప్రతిదినం చేసేది ఇదే. ఋణ విద్యుత్తు ‘ఒకటి’ కాదు, ‘ఒకటి’గా కల్పితం. కామ్1 అనే నామం ద్వారం కాదు, ద్వారంగా వ్యవహృతం. నిజమైన తీగకూ కల్పిత తీగకూ నడుమ ఉన్న అంతరం ఆయన అనుకున్నంత అగాధం కాదని అప్పుడు తోచింది. రెండూ నామరూప వ్యవహారాలే. ఒకదానిలో రాగి ఉన్నది, మరొకదానిలో స్మృతి ఉన్నది.

పాఠానికి వచ్చేవారిలో నౌకాశ్రయంలో ఉద్యోగం చేసి విరమించిన ఒక శ్రీవైష్ణవ వృద్ధులు ఉన్నారు. మిథ్య అన్న మాట ఆయనకు రుచించదు. “నాయనా, నీ ద్వారం మిథ్య అని ఎందుకంటావు? కంప్యూటరు స్మృతి నిజం, అందులోని అక్షరాలు నిజం, అవి వరుస తప్పకుండా నడిచిన మాట నిజం. సీరియల్ అంటే వరుసే కదా! ఆ వరుస అక్కడ యథార్థంగానే ఉన్నది. రాగితో చేయక మరొకదానితో చేశారు, అంతేగా?” అన్నారు. ఇది పెద్దమనిషి పెంకితనం కాదు. శ్రీభాష్యంలో రామానుజాచార్యులు నిలబెట్టిన యథార్థఖ్యాతి వాదమే అది. జ్ఞానమంతా ఉన్నదానినే విషయీకరిస్తుందని ఆ పక్షం. ఆపై ఆయన సింహాద్రినాథుని ఉదాహరించారు. సంవత్సరమంతా స్వామి చందనాచ్ఛాదితుడై దర్శనమిస్తాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపం. చందనం ఒలిచిన నాడు కనబడేవాడే నిజమైన అప్పన్న, మిగిలిన దినాలలో కొలిచినవాడు మిథ్య అని సింహాచలం కొండ ఎక్కిన ఏ భక్తుడైనా అంగీకరిస్తాడా? చందనం స్వామికి అలంకారం, అపలాపం కాదు. సాధకుడు వెంటనే ప్రత్యుత్తరం చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ కనబడలేదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టి, బంగారం తరువాత మూడవ దృష్టాంతంగా ఇనుమునే తీసుకుంటాడు. ఒక్క గోరుకత్తెర తెలిస్తే ఇనుముతో చేసినదంతా తెలిసినట్లేనని. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్న ఉక్కునగరంలో ఆ దృష్టాంతానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఆ శ్రుతినే పట్టుకొని వికారం నామమాత్రమని ఒకరంటారు, వికారం కారణానికి సత్యమైన అవస్థావిశేషమని మరొకరంటారు. శతాబ్దాల వివాదం ఒక ఆదివారం పూట తీరేది కాదు.

తీర్చుకోక తప్పని ప్రశ్న ఆ తరువాతి నెలలో వచ్చింది. మరొక యార్డు యజమాని కబురు పంపాడు. అక్కడ ద్వారం సక్రమంగానే ఉన్నది, కంప్యూటరు సక్రమంగానే ఉన్నది. ఆయనకు కావలసినది వేరు. “పలానా చోట నువ్వు పెట్టినావు కదా బాబూ, మజ్జిలో ఒక పోర్టు. అందులో లెక్క కాస్త అటూ ఇటూ చేయొచ్చంట కదా. మూడొందల కేజీలు. కంప్యూటర్‌కేటి తెలుస్తాది?” ప్రశ్న సాంకేతికంగా నిర్దుష్టమైనది. కంప్యూటరుకు తెలియదు. తెలియకపోవడమే ఆ విద్యకు మూలాధారం. ఇండికేటర్ పెట్టెకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్నది. దానిని కదిపితే నేరం. ముద్రకు ఆవల, కెర్నల్ లోపల, ఇద్దరు ద్వారపాలకుల నడుమ ఒక సంఖ్య మారిపోతే చూచేవారెవరు? 64-బిట్ విండోస్ విస్టా కాలం నుండి సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోనికి రానివ్వదన్న మాట నిజమే. ఆ సంతకం డ్రైవర్ ఎవరిదో చెబుతుంది. దాని గుండా పారే సంఖ్య సత్యమో కాదో చెప్పదు. పైగా సంఖ్యను మార్చేది డ్రైవర్ కూడా కానక్కరలేదు. రెండవ చివర కూర్చున్న సామాన్య ప్రోగ్రాము చాలు.

ఆయన వెంటనే నిరాకరించాడని వ్రాస్తే కథ సుఖంగా ఉండేది. అలా జరగలేదు. ఆలోచించి చెబుతానండీ అని వచ్చేశాడు. ఇంటి అప్పు ఉన్నది. ఆ యజమానికి మరి నాలుగు కాటాలు ఉన్నాయి. ఆ రాత్రి ఆయన మనస్సులో లేచిన తర్కం గమనించదగినది, ఎందుకంటే అది లోభం వేషంలో రాలేదు, వేదాంతం వేషంలో వచ్చింది. నీవే అన్నావు గదా బరువు ఎక్కడా లేదని. లోహపు రేకు మిల్లీవోల్టు ఒక కల్పన, అంకె మరొక కల్పన, చీటీ మూడవ కల్పన. కల్పనల వరుసలో ఇంకొక కల్పన చేరితే కొత్తగా చెడేది ఏమిటి? ముప్పై ఎనిమిది వేల నాలుగువందల అరవైకి పారమార్థిక సత్త లేనప్పుడు ముప్పై ఎనిమిది వేల నూట అరవైకి లేకపోవడం ఏపాటి దోషం?

అద్వైతం చదివేవారిలో ఈ తర్కాన్ని ఏదో ఒక రూపంలో ఎరుగనివారు తక్కువ. కొందరు దీనితోనే అప్పులు ఎగవేస్తారు, మరికొందరు వృద్ధులైన తల్లిదండ్రులను విస్మరిస్తారు. దీనిలోని దోషం భావంలో లేదు, స్థానంలో ఉన్నది. పారమార్థిక దృష్టిలో పలికిన మాటను తెచ్చి వ్యావహారికంలో నిలబెట్టడమే ఆ దోషం. అదే ఆరంభణాధికరణంలో ఆచార్యులు స్పష్టంగా చెప్పినది, బ్రహ్మాత్మజ్ఞానం ఉదయించే వరకు లౌకిక వైదిక వ్యవహారమంతా సత్యమేనని, మేల్కొనే వరకు స్వప్నవ్యవహారం వలె. బరువు మిథ్య అయితే కూలి కూడా మిథ్యే, కిరాయి కూడా మిథ్యే, యజమాని ఇవ్వజూపిన ధనం కూడా మిథ్యే. ఆ చివరి మిథ్యను మాత్రం సత్యంగా జేబులో వేసుకోవడం ఏ ప్రకరణంలోనూ లేదు. కల్పిత తూకం ప్రాతిభాసికం. నిజమైన కాటా తూకం వ్యావహారికం. ముత్యపుచిప్పను చూచి వెండి అని భ్రమించినవాడు అజ్ఞాని. చిప్ప అని తెలిసి వెండి అని అమ్మేవాని విషయంలో ఖ్యాతివాదాలతో పనిలేదు, అది చౌర్యం.

అయినా శాస్త్రవిచారం ఆయనను పూర్తిగా నిలబెట్టలేదు. నిలబెట్టినది ఆ వృద్ధులు చెప్పిన చందనం మాట. సింహాచలంలో సంవత్సరమంతా ఆచ్ఛాదనమే. అయినా ఒక్క భక్తుడూ మోసపోడు, ఎందుకు? అది చందనమని అందరికీ తెలుసు. ఎప్పుడు తీస్తారో పంచాంగంలో ఉంటుంది. ఆచ్ఛాదనం బహిరంగం. ఇంటిలో తాను చేసిన పరీక్ష కూడా అట్టిదే. తూగుతున్నది లేని లారీ అని చేసేవానికి, చూచేవానికి తెలుసు. మొదటి యార్డులో కల్పిత కామ్1 కూడా అట్టిదే. అక్షరం అక్షరంగానే చేరింది, పేరు మాత్రం మారింది. మూడవదానిలో తెలియనివాడు ఒకడున్నాడు. వాడు కాటా మీద లారీ ఆపి, క్యాబిన్ దిగి, చీటీ కోసం కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. వానిని కూడా డ్రైవర్ అనే అంటారు. రేవు దగ్గర ఎత్తిన సరకు ఇక్కడ మూడువందల కిలోలు తగ్గితే ఆ లోటు అడిగేది వానినే. ప్రక్కన నిలబడ్డ కళాసీకి టన్నుల లెక్కన కూలి.

యజమానికి మరునాడు ఫోనులో చెప్పాడు: “అది నా వల్ల కాదండీ.” కారణం అడిగితే వేదాంతం చెప్పలేదు. ముద్ర ఉన్న పెట్టెకూ చీటీకీ నడుమ సంఖ్య మారితే తన పేరు బయటికి వస్తుందని మాత్రం అన్నాడు. యజమాని అర్థమయ్యే భాషలో చెప్పిన మాట అది. ఆ నాలుగు కాటాల పని రాలేదు. వేరొకరు చేశారో లేదో ఆయన విచారించలేదు. ఇంటి అప్పు మరికొంత కాలం సాగింది.

మొదటి యార్డులో మాత్రం కొన్ని మార్పులు చేశాడు. ఇండికేటర్ పంపిన అక్షరాలను, పాత ప్రోగ్రాముకు అందించిన అక్షరాలను తన చేరవేత ప్రోగ్రాము వేళతో సహా ఒక దస్త్రంలో వ్రాసి ఉంచుతుంది. రెండూ ప్రక్క ప్రక్కన, ఎవరు తెరిచి చూచినా పోల్చుకోగలిగేట్లు. పరీక్ష కోసం నకిలీ ఇండికేటర్ నడిపినప్పుడు నికర తూకానికి పైన ‘పరీక్ష’ అన్న మాట పెద్ద అక్షరాలతో పడుతుంది. దానికి పాత ప్రోగ్రాము ఒప్పుకోదు గనుక ముద్రణ యంత్రానికి పోయే దారిలో మరొక కల్పిత ద్వారం పెట్టవలసి వచ్చింది. మిథ్యను చాటడానికి ఇంకొక మిథ్య అవసరపడిందని ఆదివారం నాడు చెబితే పాఠం చెప్పేవారు చాలాసేపు నవ్వారు. యార్డు యజమానిని ఒప్పించి, ఇండికేటర్ నుండి నేరుగా మరొక తీగ లాగించి, లారీ డ్రైవర్లకు కనబడేలా గోడమీద పెద్ద అంకెల ఫలకం పెట్టించాడు. ఆ తీగ నడుమ కంప్యూటరు లేదు, డ్రైవర్ లేదు, ప్రోగ్రాము లేదు.

ఇప్పుడు అక్కడ లారీ ఎక్కగానే ఎర్రని అంకెలు కాసేపు ఊగి, ఒకచోట నిలుస్తాయి. డ్రైవర్ తల ఎత్తి ఆ ఫలకం చూస్తాడు, కిటికీ దగ్గరికి వచ్చి చీటీ తీసుకొని చూస్తాడు, మడిచి చొక్కా జేబులో పెట్టుకొంటాడు. ఆదివారపు పాఠం అద్వైత ప్రకరణంలోకి ప్రవేశించింది.